అడుగు వదలని కణం

మంచం మీద సంచీ నోరు తెరుచుకుని ఉంది. అమ్మ శాలువా మడిచి అందులో పెట్టింది.

"మంచి పని చేశావు. రేపటి సభ హాల్లో ఏసీ మనిషిని గడ్డకట్టిస్తుంది," అన్నారు ప్రొఫెసర్ గారు, ఉపన్యాసం కాగితాల్లోంచి తలెత్తకుండా. "నీలం చొక్కా పెట్టావా?"

"నీలం చొక్కా బీరువాలో రెండో అరలో ఉందిరా."

"ఎక్కడుందో నాకెందుకమ్మా? మేజోళ్ళు?"

"సొరుగులో, ఎడమ పక్క. జతలు చుట్టి పెట్టాను."

నలభై ఆరేళ్ళ ప్రొఫెసర్ గారు మనిషి చర్మకణాలు ఎలా ఎదుగుతాయో చెప్పడంలో దిట్ట. రేపు అందుకే ఆయనకు పెద్ద బహుమతి ఇస్తున్నారు. స్టవ్ వెలిగించడం మాత్రం రాదు. "నాకన్నా పెద్ద పిల్లాణ్ణి పెంచడం నావల్ల కాదు" అని భార్య వెళ్ళిపోయింది. ఆమె తొందరపడిందని ఆయన అంటారు. ఆలస్యం చేసిందని ల్యాబులో విద్యార్థులు అంటారు. వాళ్ళు ఆయనకు చాటున పెట్టుకున్న పేరు చంటిబాబు.

"విను, రేపు ఇలా మొదలుపెడతాను." ఆయన గొంతు సవరించుకున్నారు. "చర్మం అడుగు పొరలో ఉండే కణం పసిది. చుట్టూ కాల్షియం తక్కువగా ఉన్నంతకాలం అది ఎదగదు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అంతే. పక్కదాని చెయ్యి పట్టుకోదు, ఒక్క పనికీ రాదు... ఎలా ఉంది?"

"బాగా ఎరిగిన సంగతిలాగే ఉంది. తర్వాత?"

"బయట కాల్షియం పెరగ్గానే కణం లోపలా పెరుగుతుంది. ఇక ఆటలు చాలు, ఎదుగు అని దానికి అదే కబురు. అప్పుడది పక్కవాటిని గట్టిగా పట్టుకుంటుంది, అడుగు వదిలి పైకి పోతుంది, గట్టిపడి మనకు తోలవుతుంది."

"అడుగు వదలకుండా ఎదగదా?"

"చచ్చినా ఎదగదు."

"దానంతట అది వదలదా?"

"నా ల్యాబు గిన్నెల్లో వదలదు. నేనే కాల్షియం చుక్క వెయ్యాలి. వెయ్యకపోతే అలాగే ముసలివైపోతాయి కానీ, చర్మం మాత్రం కావు."

అమ్మ చెయ్యి ఆగింది. "వెయ్యడం కాస్త ఆలస్యమైతేనో?"

"కాస్తయితే పర్లేదు. మొండికేసినా దారికొస్తాయి."

అమ్మ గట్టిగా ఊపిరి వదిలి, అరలోంచి మాత్రల సీసా తీసి సంచీలో వేసింది.

ప్రొఫెసర్ గారు పకపకా నవ్వారు. "కాల్షియం మాత్రలా! నా ఉపన్యాసం నీకు బాగానే ఎక్కిందే!"

"మోకాళ్ళకి మంచిదిరా."

"నా మోకాళ్ళకేం, రాళ్ళలా ఉన్నాయి."

"పెద్దమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. వచ్చి తనతో ఉండమంటుంది."

"ఆవిడకేం, ఊసుపోక సవాలక్ష అంటుంది. నువ్వెళ్తే నాకు కాఫీ ఎవరిస్తారు?"

"నా దిగులూ అదే. రాత్రిళ్ళు కంటిమీద కునుకుండదు. నేను లేకపోతే నీకెలారా?"

"ఉన్నావుగా! బయల్దేరేముందు ఏడుపు మాటలేంటి? వేడినీళ్ళు పెట్టావా?"

"గీజరు స్విచ్ తలుపు పక్కనుంది."

ఇవాళ ఈవిడకేమైందని సణుక్కుంటూ స్విచ్ ఆయనే వేసుకున్నారు. ఏది గీజరుదో తెలియక ముందు లైటు ఆర్పేశారు, ఆ తర్వాత ఫ్యాను.

ఒళ్ళంతా సబ్బు పట్టించుకున్నాక వీధిలో హారన్ మోగింది.

"ఏంటమ్మా, టాక్సీవాడు ఇంత ముందే ఊడిపడ్డాడు? సంచీ ఎక్కించెయ్!"

"ఎక్కిస్తున్నానురా." అమ్మ గొంతు అప్పటికే వీధి గుమ్మం దగ్గర్నుంచి వినిపించింది.

స్నానం ముగించి, అలవాటుగా తలుపు సందులోంచి చెయ్యి బయటికి చాపారు. "అమ్మా, తువ్వాలు!"

చేతిలో ఏమీ పడలేదు.

"తువ్వాలు!" ఈసారి ల్యాబంతా హడలిపోయే గొంతుతో.

చాపిన చెయ్యి చల్లబడింది. వీధిలో కారు తలుపు పడిన చప్పుడైంది.

"పోనీ, ఎక్కడుందో అయినా చెప్పవే అమ్మా!"

ఆ రోజు తన సంచీతో టాక్సీ ఎక్కిన అమ్మ మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.