మనిషి చేసిన మరమ్మతు

భవనాలు తమ మరమ్మతులు తామే చేసుకుంటున్న కాలమది. తెలంగాణలో భవన మేనేజరుకు జీతం ఒకే లెక్కన వచ్చేది: మనిషి చేత్తో చేసిన ప్రతి మరమ్మతుకు ఇంత అని. నెలంతా ఒక్కటీ లేకపోతే ఉద్యోగమే పోయేది.

పైపుల వ్యాపారం మానేసి అలాంటి ఒక భవనంలో ఉంటున్న నాగభూషణానికి ఆ లెక్క తెలుసు. ఒక్క మరమ్మతూ రాని ఓ నెలాఖరున, భవనానికి అంతుపట్టని తన పాత ఇత్తడి కుళాయిని వదులుచేసి మేనేజరు ముబీనాను పిలిచాడు.

ఆమె చూడగానే నవ్వింది. "కాకా, ఇది నువ్వే ఇప్పినవ్ గదా?"

"ఇప్పిన. అట్లనే రాయి. ఖర్చు నా మీదెయ్యమను."

"నా జీతానికి నువ్వు నష్టపోవుడేంది?"

మొన్న భార్య సుభద్రకు ఊపిరాడనప్పుడు భవనం అంబులెన్సును పిలిచి ఊరుకుంది. అది వచ్చేదాకా సుభద్ర చేయి పట్టుకుని కూర్చున్నది ముబీనాయే. అలాంటి మనిషి ఒక కుళాయి ఖర్చుతో ఉద్యోగంలో నిలుస్తుందంటే నాగభూషణానికి లాభమే కనిపించింది.

"నష్టమా? ఇంత చవక బేరం నా దుకాణంల ఎన్నడు తగల్లేదు బిడ్డా."

"ముసలోనికి బేరాల పిచ్చి పోలేదు," అని సణుగుతూ సుభద్ర రెంచి తెచ్చి భర్త చేతిలో పెట్టింది. "ఒక్కదానికి పిల్లకేమొస్తదయ్యా? వంటింట్ల కుళాయి గూడ ఇప్పు."