రెండు వేళ్ళ దూరం

చెంచా గాల్లో తేలుతూ వచ్చి ఆమె ముక్కు మీద జావ ఒలకబోసింది.

"అయ్యయ్యో! నిన్న సరిగ్గా ఇక్కడే కదే ఉంది నీ నోరు!" అన్నాడు గడియారాల మెకానిక్, తువ్వాలుతో భార్య ముక్కు తుడుస్తూ.

"నా నోరు ఉన్నచోటే ఉంది. మీ రోబోకే కళ్ళు నెత్తికెక్కాయి" అంది ఆమె. మంచాన పడ్డ ఆమెకు మెడ కింద ఏదీ కదలదు. నోరు మాత్రం దివ్యంగా కదులుతుంది.

ఆ రోబో చేతిని ఆయన ఇంట్లోనే చేశాడు. పాత గోడ గడియారాల పళ్ళచక్రాలు, కారు అద్దం తుడిచే మోటారు, సైకిలు బ్రేకు తీగ, చివర ఒక స్టీలు చెంచా. ఆమె గడ్డంతో మీట నొక్కితే అది గిన్నెలో మునిగి, లేచి, నోటిదాకా రావాలి. మునుగుతోంది, లేస్తోంది. తీరా నోటి దగ్గరికొచ్చేసరికి రెండు వేళ్ళ దూరం తప్పుతోంది. మొన్న చెంప, నిన్న గడ్డం, ఇవాళ ముక్కు.

"సోమవారానికల్లా ఇది కుదిరి తీరాలి" అన్నాడాయన. "పొరుగూళ్ళో గోపురం గడియారం ఆగిపోయిందట. పది రోజుల పని."

"ఎదురింటి వదిన వచ్చి పెడతానందిగా."

"ఎన్నాళ్ళని పెడుతుంది, పాపం?"

"పది రోజులేగా?"

ఆయన దారం తీసి మంచం కోడు నుంచి ఆమె పెదవుల దాకా కొలిచి ముడి వేశాడు. కొలిచినంతసేపూ ఆమె బొమ్మలా కదలకుండా ఉంది. స్క్రూ బిగించడానికి వంగి లేచేసరికి ఆయనకు ఆయాసం వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఎందుకండీ ఈ తిప్పలు? ఈ సవతి లేకపోతే నాకు పొద్దు గడవదా?"

"సవతేమిటే, తోడనుకో."

"ఇనుప ముక్క తోడేమిటి, నా మొహం! దానికి కబుర్లొచ్చా? నాకు పెట్టీ పెట్టీ మీకు విసుగొచ్చిందని చెప్పెయ్యరాదూ?"

ఆయనకు ఆ మాట చురుక్కున తగిలింది. అయినా మళ్ళీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

గురువారం స్ప్రింగు మార్చాడు, చెంచా చెవి దగ్గరికి పోయింది. శుక్రవారం పెద్ద చక్రం వేశాడు, జావ అంతా దిండు తాగింది. శనివారం మంచం జరుగుతోందేమోనని కోళ్ళను తాళ్ళతో కట్టేశాడు. తప్పంటూ ఉంటే యంత్రంలోనే ఉంటుందని నలభై ఏళ్ళుగా నమ్మిన మనిషి. అందుకే చెంచా కదిలినప్పుడల్లా ఆయన చూపు పళ్ళచక్రాల మీదే ఉండేది. ప్రతిసారీ ఓడిపోయి, మంచం మీద కూర్చుని, ఆమె తలను ఛాతీకి ఆనించుకుని తన చేత్తోనే తినిపించేవాడు. ఆమె కళ్ళు మూసుకుని ఒక్కో చెంచా నెమ్మదిగా, మరీ నెమ్మదిగా మింగేది.

ఆదివారం సాయంత్రం కూడా చెంచా తప్పింది.

ఆయన స్క్రూడ్రైవరు విసిరికొట్టాడు. "నా వల్ల కాదే! వెంట్రుకవాసి తేడా ఉన్నా ఇట్టే పట్టేసేవాణ్ణి. అలాంటిది నీ నోటికి ఒక్క చెంచా అందించలేకపోయాను. ఇంక రోజుల్లేవు" అంటూ మోకాళ్ళలో తల దూర్చుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఏడవగా ఆమె చూడలేదు. దగ్గరికి తీసుకుందామంటే చేతులు లేవవు. చాలాసేపు ఆయన్నే చూసింది. తర్వాత గడ్డంతో మీట నొక్కింది.

మోటారు గుర్రుమంది. చెంచా మునిగింది, లేచింది, తిన్నగా వచ్చి ఆమె నోట్లోకి వెళ్ళింది. ఒక్క చుక్క ఒలకలేదు.

ఆయన గబుక్కున తలెత్తాడు. "కుదిరింది! కుదిరిందే! ఏదీ, ఇంకోసారి!"

ఆమె ఇంకోసారి నొక్కింది. మళ్ళీ సరిగ్గా నోట్లోకే.

"హమ్మయ్య! ఇంక నాకు ఏ బెంగా లేదు" అన్నాడు, ఏడుస్తూనే నవ్వుతూ. "ఇంతకీ ఏం మార్చానంటావ్? నాకే తెలియడం లేదు."

"మీరేం మార్చలేదండీ." ఆమె జావ మింగలేక మింగింది. "రేపు మీరు వెళ్ళేది ఆస్పత్రికని నాకు తెలీదనుకున్నారా? తినిపించేటప్పుడు మీ గుండె నా చెవి పక్కనే కదా కొట్టుకునేది! అది ఎన్నిసార్లు తప్పుతోందో రోజూ వింటూనే ఉన్నా. ఇది కుదిరిందంటే మీరు నిశ్చింతగా పోతారని, నా మీద బెంగ ఉంటేనే తిరిగొస్తారని... చెంచా వచ్చినప్పుడల్లా నేనే మూతి తప్పించాను."