ఒడ్డున వేసిన కుర్చీ

రాత్రికి బండ్లు ఆపుకుని వాటిలోనే పడుకునే క్యాంపుగ్రౌండ్ అంతా నిండిపోయింది. నది అంచున ఒక్క చోటు మాత్రం ఖాళీగా ఉంది. దాని మధ్యలో ఎవరో చిన్నపిల్లల మడత కుర్చీ వేసి ఉంచారు. కుర్చీ వేసి ఉందంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థం. ఆ సంగతి నాకు తెలియక కాదు. లిటిల్‌రాక్ నుంచి ఆరు గంటలు నడిపి వచ్చాను, వెనక సీట్లో నా ఆరేళ్ళ కొడుకు ఎమ్మెట్ ఏడుస్తున్నాడు. కుర్చీ మడిచి చెట్టుకి ఆనించి, మా క్యాంపర్ బండి అక్కడే నిలిపాను.

పక్క బండి ముందు మాంసం కాలుస్తున్న ముసలాయన చేతిలో పటకారు కింద పెట్టాడు.

"ఆ కుర్చీ నువ్వే తీశావా?"

"చీకటి పడుతోంది, ఎవరూ రాలేదు కదండీ."

"వచ్చేవాళ్ళు నీకు చెప్పి వస్తారా? బండి తియ్యి."

"తియ్యను. పొద్దున్నే పోతాం."

"నువ్వు పోతావులే," అన్నాడాయన.

ఆ రాత్రి అక్కడ ఎవరూ మంట వేసుకోలేదు, పాట పెట్టలేదు. ప్రతి కిటికీలోనూ దీపం వెలుగుతోంది. ప్రతి దీపం ముందూ ఒక మొహం మావైపే చూస్తోంది.

ఎప్పుడో కునుకు పట్టింది. తలుపు కొట్టుకుంటున్న చప్పుడుకి లేచి చూస్తే ఎమ్మెట్ పక్కమీద లేడు.

బయటికి పరిగెత్తాను. కుర్చీ నీళ్ళ అంచున వేసి ఉంది. వాడు అందులో కూర్చుని నదివైపు చూస్తున్నాడు.

"లోపలికి రారా."

"ఉండు నాన్నా," అన్నాడు తల తిప్పకుండా. "వాళ్ళు వచ్చేస్తున్నారు."

నా వెనక ముసలాయన బండిలో దీపం ఆరింది. తర్వాత దాని పక్కది. పని అయిపోయి పడుకుంటున్నట్టు, ఒక్కొక్కటే అన్నీ ఆరిపోయాయి.