కొవ్వు శాతం

బరువు తగ్గింది కానీ, కొవ్వు శాతం పెరిగింది. కండక్టరమ్మ మెషిన్ దిగి, అరికాళ్లు చీరకొంగుతో తుడుచుకుని మళ్లీ ఎక్కింది. అదే అంకె.

"తిండి మానేశాను, నీళ్లూ తగ్గించేశాను. ఇంకేం మానాలి డాక్టర్‌గారూ, ఊపిరా?" అంటూ నేలమీద కూలబడి ఏడ్చింది.

బస్సు డిపోలో తోటివాళ్లు "ఈ వయసులో ఎవరి కోసమమ్మా ఈ నాజూకుతనం?" అని నవ్వినా ఆమె పట్టించుకోలేదు. ఈ అంకె మాత్రం ఆమె ప్రాణం తోడేస్తోంది.

డాక్టరు ఆమెను లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఈ మెషిన్ ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, కొవ్వెంతో అంచనా వేస్తుందంతే. నీళ్లు తగ్గితే లేని కొవ్వు కూడా చూపిస్తుంది. పైగా కడుపు మాడ్చుకుని మీరు కండ కరిగించుకుంటున్నారు. దీన్ని చూసి బెంబేలెత్తకండి. మాకు ముఖ్యం పొద్దున తీసిన స్కానింగు."

"అందులో ఏముంది?" ఆమె కుర్చీ అంచుకు జరిగింది.

"మీ కాలేయంలో కొవ్వు కరిగింది. వేళకు తిని, కాస్త బలం పుంజుకోండి. ఆపరేషన్ చేసేద్దాం."

కండక్టరమ్మ పడుతూ లేస్తూ పై అంతస్తులోని వార్డుకు పరుగెత్తింది. మంచం మీద నుంచి అక్క పచ్చబడిన కళ్లు తెరిచి చూసింది.

"నా కాలేయంలో సగం నీకిచ్చేయొచ్చట అక్కా!"

అక్క ఆమె చెయ్యి అందుకుంది.

"చిన్నప్పుడు బిస్కెట్టులో ముక్క కూడా పెట్టేదానివి కాదు కదే!"