విత్తనాలావిడ

విత్తనాల కోసం వచ్చిన ముసలావిడ చేతిలోంచి పొట్లం జారింది. బెండగింజలు వరండా అంతా దొర్లాయి.

"కాస్త చూసుకోవద్దా?" అంది ఆ ఇంటి కోడలు విసుగ్గా.

"నేను ఏరతాన్లే తల్లీ. నువ్వెళ్ళి పిల్లాణ్ణి చూసుకో, ఏడుస్తున్నాడు."

తొలకరి పడింది. అత్తగారు బతికుండగా ఈ రోజులొస్తే వీధి వీధంతా ఈ వరండాలోనే ఉండేది. పెరట్లో కాసినవాటిలో మంచి కాయని ముదరనిచ్చి, గింజ ఎండబెట్టి, బూడిద కలిపి డబ్బాల్లో దాచేదావిడ. అడిగినవాళ్ళకల్లా గుప్పెడు పోసేది.

చలికాలంలో ఆవిడ పోయింది. డబ్బాలు కోడలి నెత్తిన పడ్డాయి.

మిగతావాళ్ళు వచ్చి, కావలసింది చెప్పి, పట్టుకుపోయారు. ఈవిడొక్కతే మధ్యాహ్నం నుంచి కూర్చునుంది. ఎవరి తాలూకో, ఎక్కడుంటుందో కోడలికి తెలియదు. ఏటా వస్తుందని మాత్రం తెలుసు. ఇంట్లో అందరికీ ఆవిడ విత్తనాలావిడ.

జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని కోడలు తిరిగొచ్చేసరికి గింజలన్నీ పొట్లంలోకి చేరాయి. ఎంపిక మాత్రం తెమలలేదు.

"బీర తీసుకోండి. వానలకి బాగా పాకుతుంది."

"బీరకి పందిరెయ్యాలిగా."

"పోనీ గోరుచిక్కుడు?"

"అది పోయినేడు పట్టుకెళ్ళానమ్మా."

"వంగ?"

"వంగంటే నారు పొయ్యాలి, మళ్ళీ నాటాలి..."

"మరేం కావాలో మీరే చెప్పండి."

ముసలావిడ గేటువైపు చూసింది.

"మీ ఇంట్లో ఏది ఇష్టంగా తింటారు?"

"మా ఆయనైతే కాకర."

"చేదు తింటాడా?" ఆవిడ ముఖంలో చిన్న నవ్వు కదిలింది. "అయితే కాకరే ఇవ్వు."

కోడలు పొట్లం కట్టి ఇచ్చింది. అయినా ఆవిడ లేవలేదు.

"అబ్బాయి ఏ వేళకొస్తాడు?"

"కరెంటు పని. ఈ వానకి ఎక్కడ తీగ తెగుతుందో, ఎప్పుడొస్తాడో."

"వానలో కూడా స్తంభం ఎక్కుతాడా?"

"ఎక్కకపోతే ఊరుకుంటారా?"

"చేతులకి తొడుగులేసుకోమను తల్లీ. తడిచేత్తో ముట్టుకోవద్దను."

కోడలికి ఒళ్ళు మండింది. పొయ్యి మీద పాలు, భుజం మీద పిల్లాడు, ఎదురుగా ఈ జిడ్డు. పైగా తన మొగుడి జాగ్రత్త తనకే చెబుతోంది.

విసురుగా లోపలికెళ్ళి ఉన్న డబ్బాలన్నీ తెచ్చింది. బెండ, బీర, సొర, చిక్కుడు ఒక్కటీ మిగల్చకుండా ఆవిడ సంచిలో వంపేసింది.

"మాకు కావలసినవి నాటేసుకున్నాం. ఇవన్నీ మీకే. రెండు మూడేళ్ళు వస్తాయి. ఇక ఏటా ఇంత దూరం రానక్కర్లేదు."

ముసలావిడ సంచిలోకి చూసింది.

"ఇన్నెందుకమ్మా? ఒక్క రకం చాలు. మళ్ళీ ఏడు వస్తాగా."

"మళ్ళీ ఏడు ఈ ఇంట్లో విత్తనాలుండవండీ. నాకంత ఓపిక లేదు."

ఆవిడ లేచింది. పిల్లాడి పాదం ఒకసారి వేలితో తాకి, సంచి పట్టుకుని చినుకుల్లోకి దిగింది.

ఆవిడ ఇటు సందు మలుపు తిరిగిందో లేదో, అటువైపు నుంచి భర్త బండి వచ్చి ఆగింది.

"విత్తనాలావిడ వచ్చిందా?" అన్నాడు, వరండాలో డబ్బాలు చూసి.

"వచ్చింది. పంపించేశాను."

"అమ్మ ఉండగా నేను డ్యూటీ దిగేదాకా కూర్చునేది. ఏం నాటమంటావు బాబూ అని నన్నడిగేది. నాకేం తెలుసు, నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. అదే పట్టుకెళ్ళేది."

కోడలికి మనసులో ఎక్కడో చివుక్కుమంది. మళ్ళీ ఏడు వస్తే కాస్త మర్యాదగా మాట్లాడాలి అనుకుంది.

ఆ ఏడు ముసురు పట్టి విడవలేదు. పెరట్లో పాదులు వేళ్ళు కుళ్ళి ఒక్కొక్కటే వాలిపోయాయి.

అలాంటి ఒక ఉదయం మావగారు కొడుకుని లేపారు.

"తెలిసినావిడ పోయింది. మొయ్యడానికి మనుషుల్లేరు. నువ్వు రావాలి."

"డ్యూటీ ఉంది నాన్నా."

"సెలవు చెప్పు."

ఆయన అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడరు. కొడుకు గొణుక్కుంటూ వెంట వెళ్ళాడు.

మధ్యాహ్నానికి ఇద్దరూ తడిసి ముద్దై తిరిగొచ్చారు.

"మన విత్తనాలావిడే," అన్నాడు భర్త తల తుడుచుకుంటూ. "మేడ మీద ఇరుకు గది. ఆ మెట్లు దించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. నాన్నేమో ముందువైపు నన్నే పట్టుకోమన్నాడు. దారంతా ఎవర్నీ మార్చనివ్వలేదు."

కోడలు పాలు కలుపుతున్నదల్లా ఆగింది.

"మేడ మీద గదా? మరి పెరడు?"

"పెరడెక్కడిది? కుండీ పెట్టుకుందామన్నా చోటు లేదు."

అతను లోపలికెళ్ళి పడుకున్నాడు. కోడలు వరండాలోకి వచ్చింది. మావగారు తడిబట్టలు మార్చుకోకుండానే కూర్చుని ఉన్నారు.

"నేలే లేని మనిషికి ఏటా విత్తనాలెందుకు మావయ్యా?"



"అది మీ అత్తయ్య పెట్టిన షరతమ్మా. ఏడాదికొక్కసారి, విత్తనాల వంకతో రావచ్చు. చూసుకుని వెళ్ళిపోవాలి. అసలు సంగతి మాత్రం నోరు విప్పి చెప్పకూడదు."

"ఎవర్ని చూసుకుని?"

మావగారు భర్త పడుకున్న గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"మీ అత్తయ్యకి కడుపు పండలేదమ్మా, వాణ్ణి కని తన చేతిలో పెట్టింది ఆవిడే."