మంచం కింద ఫిల్టరు

కొండదారి మొదటి మలుపులోనే ఇల్లుబండి రొప్పింది.

నల్లటి పొగ వదిలి, రెండు కుదుపులు కుదిపి, ఇక నా వల్ల కాదంటూ ఆగిపోయింది.

"కంగారెందుకు, నేనున్నాగా," అన్నారు లెక్కల మాస్టారు. తనకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదని ఆయన గట్టి నమ్మకం. చేతిరాత చూసి అది ఏ పిల్లాడి పేపరో చెప్పేస్తారు, అంతవరకు నిజమే.

మంచం, పొయ్యి, బాత్రూం అన్నీ ఉన్న ఆ బండిని దళారి దగ్గర కొని ఇంకా నెల కాలేదు. అసలు యజమాని ఎవరో ఆయన చూడనైనా లేదు. కొన్నది అత్తగారి కోసం. నడుము దెబ్బతిన్నాక ఆవిడ కూర్చోలేరు, ఎక్కడికెళ్లినా పడుకునే వెళ్లాలి.

కొండకు అవతల ఆవిడ అక్క ఉంది. ఆ అక్కకు మతిమరుపు ముదురుతోంది. పోయిన వారం ఫోన్లో "ఎవరు నువ్వు?" అని అడిగిందట. ఇంకొన్నాళ్లు పోతే ఎదురుగా నిలబడ్డా గుర్తుపట్టదని అత్తగారి బెంగ.

బండిని మెల్లగా వెనక్కి దించి, కొండ కింద స్పేర్ పార్టుల దుకాణం ముందు ఆపారు.

కూరగాయల సంచితో ఒక ముసలాయన వీధి చివర నుంచి గబగబా వచ్చాడు.

"దీనికి ఊపిరాడటం లేదు బాబూ. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. రెండు వీధుల అవతలికి వినిపించింది."

మాస్టారు ఆయన్ని ఎగాదిగా చూశారు. దుకాణం వాళ్లు పెట్టిన మనిషే అయ్యుంటాడు అనుకున్నారు. ఫిల్టరు కోసం బండి ముందువైపు వెతకబోయారు.

ఇంజను వెనకాల ఉందని, మంచం కింద ఎడమ పలక ఎత్తితే ఫిల్టరు కనిపిస్తుందని ముసలాయన చెప్పాడు. చెప్పులు మెట్టు దగ్గర విప్పి మరీ లోపలికొచ్చాడు. బండెక్కడానికి చెప్పులు విప్పడమేమిటో మాస్టారికి అర్థం కాలేదు.

మాస్టారూ, ఆయన భార్యా కలిసి అత్తగారిని ఎత్తి ముందు బల్ల మీద పడుకోబెట్టారు.

"దిండు నడుము కింద కాదమ్మా, మోకాళ్ల కింద పెట్టుకోండి," అన్నాడు ముసలాయన.

ఆవిడ పెట్టుకున్నారు. హమ్మయ్య అన్నారు.

"డాక్టరు కూడానా మీరు?" అన్నారు మాస్టారు.

ఫిల్టరు బయటికి తీస్తే పొయ్యిలో బూడిదే నయం. గాలి కొట్టి దులిపితే సరిపోతుందని మాస్టారు. కాగితం చిరిగి దుమ్మంతా ఇంజనులోకి పోతుందని, కొత్తది వేయాల్సిందేనని ముసలాయన.

దుకాణంలో బండి మోడలు చెప్తే కంప్యూటరు ఒక నంబరు చూపించింది. ముసలాయన తల అడ్డంగా ఊపి, ఒక చీటీ మీద ఇంకో నంబరు రాశాడు.

"అది ఒక వేలు పొట్టి బాబూ. ఈ బండిలో ఫిల్టరు డబ్బా మార్చారు."

"పనిగట్టుకుని డబ్బా ఎందుకు మారుస్తారండీ?"

"పైన పడుకున్నవాళ్లకు చప్పుడు తగ్గాలని."

మాస్టారికి ఒళ్లు మండింది. "కంప్యూటరు కన్నా మీకెక్కువ తెలుసా పెద్దాయనా? నా బండి సంగతి నేను చూసుకుంటా. మీ దారిన మీరు వెళ్లండి."

ముసలాయన చీటీ ఆయన చేతిలో పెట్టాడు. కొత్తది వేసేముందు డబ్బా, మూత తడిగుడ్డతో తుడవమని, అమ్మగారిని మెల్లగా ఎత్తమని చెప్పి వెళ్లిపోయాడు.

పెద్దమనిషిని అంత మాట అనాలా అని భార్య గొణిగింది. మాస్టారు వినిపించుకోలేదు.

కంప్యూటరు చెప్పిన ఫిల్టరే వేశారు. తుడవడం గిడవడం ఏమీ లేదు. మూత బిగించి, అత్తగారిని మంచం మీదికి చేర్చి, ఇంజను స్టార్టు చేశారు.

ఈల వేస్తున్నట్టు చప్పుడు.

మళ్లీ ఆవిడను ఎత్తారు. ఈసారి ఆవిడ పళ్లబిగువున మూలిగారు. మూత తీసి చూస్తే, ఫిల్టరుకూ డబ్బాకూ మధ్య సరిగ్గా ఒక వేలు సందు.

మాస్టారికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. చీటీ పట్టుకుని దుకాణానికి వెళ్తే, ఆ నంబరు ఫిల్టరు అప్పటికే బల్ల మీద ఉంది.

"మీరు మళ్లీ వస్తారు, పక్కన పెట్టి ఉంచమన్నాడండీ ఆయన," అన్నాడు దుకాణదారు. ఎవరాయన అంటే సరిగ్గా తెలియదన్నాడు. సాయంత్రాలు ఈ వీధిలో ఒక్కడే నడుస్తుంటాడట.

ఈసారి మాస్టారు ముసలాయన చెప్పింది చెప్పినట్టు చేశారు. డబ్బా తుడిచారు. కొత్త ఫిల్టరు టక్కున కూర్చుంది. మూత తిరగేసి తడిగుడ్డ పెట్టారు.

దుమ్ము పోయేసరికి లోపల తెల్ల రంగుతో రాసిన అంకెలు బయటపడ్డాయి. తేదీ, పక్కన కిలోమీటర్లు. ఒకదాని కింద ఒకటి, ఇరవై వరసలు. అన్నిటి కిందా మాటల్లో ఇంకో వరస. ప్రతి ఏడు అంకెకూ నడుములో చిన్న అడ్డగీత.

మాస్టారు జేబులోంచి చీటీ తీశారు. అందులో రెండు ఏడులు. రెండిటికీ అదే గీత.

ఒక్క అంగలో మెట్టు దిగి వీధి రెండు చివర్లా చూశారు. ఎవరూ లేరు.

"ఏదో రాసుందే, ఏమిటది అల్లుడుగారూ?" అడిగారు అత్తగారు, మోకాళ్ల కింద దిండు సర్దుకుంటూ.

మాస్టారు ఆఖరి వరస పైకి చదివారు.

"మా ఆవిడకు ఇక ఈ మంచంతో పనిలేదు; బండి కొన్నవారు కొండ ఎక్కేముందు ఫిల్టరు మార్చుకోండి, పడుకున్నవాళ్లకు కుదుపు తెలియకూడదు."