లోపల సున్నా

కాళిముత్తు లోపలినుంచి తలుపు తడుతూనే ఉన్నాడు. దబ్... దబ్... తట్టుకీ తట్టుకీ మధ్య సందు పెరుగుతోంది.

ఎన్నూరులో రొయ్యల్ని గడ్డకట్టించే కోల్డ్ స్టోరేజీ అది. దేవరాజులు ఆడ సూపర్‌వైజరు. లోపలున్న మనిషి మీట నొక్కితే కాసేపటికి తలుపు దానంతటదే తెరుచుకోవాలి. ఈ పూట దానికేం మాయరోగం వచ్చిందో, తెరుచుకోలేదు. గోడమీది బోర్డు నిండా తలాతోకా లేని అంకెలు.

"నా మొగుణ్ణి బయటికి తియ్యన్నా," కాళిముత్తు పెళ్లాం పచ్చయమ్మ దేవరాజులు చొక్కా పట్టుకుంది. గడ్డపారతో పొడిచినా ఆ ఇనప తలుపు వెంట్రుకవాసి కదల్లేదు.

దేవరాజులు ఆ తలుపునీ బోర్డునీ నడిపే సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీకే ఫోన్ కొట్టాడు. నివేదిత అనే ఇంజినీరమ్మ ఎత్తింది.

"మిషన్ చివరిసారి ఎప్పుడు ఆపారు సార్?"

"ఏటా ఆయుధపూజకు ఆపుతామమ్మా. కడిగి, బొట్టుపెట్టి, మళ్లీ ఆన్ చేస్తాం. మొన్నటి పూజకు మాత్రం ఆపలా. ఎక్స్‌పోర్ట్ ఆర్డరు ఉండాదని మేనేజరు సారు తిరగతా ఉండే మిషన్‌కే బొట్టు పెట్టించినాడు."

ఆమె గొంతు తగ్గింది. "అదే సార్. ఆన్ చేసినప్పటినుంచీ టైము లెక్కపెట్టే అంకె ఒకటి పెరుగుతూ ఉంటుంది. అది నిండిపోయి వెనక్కి తిరిగింది. తలుపు తియ్యాల్సిన టైము దానికి ఇంక రాదు. ఇన్నాళ్లూ మీ పూజే కాపాడింది. మెయిన్ ఆపి మళ్లీ వెయ్యండి. లెక్కలన్నీ సున్నాకొస్తాయి, తలుపు వదులుతుంది."

లోపల తట్టడం ఆగిపోయింది.

పచ్చయమ్మ ఏడుపు మాని తలుపుకు చెవి ఆనించింది. దేవరాజులు పరుగున పోయి మెయిన్ కిందికి లాగాడు. ఏడాదికి పైగా హోరెత్తిన హాలు ఒక్కసారి మూగబోయింది. మళ్లీ పైకెత్తాడు. తాళం టక్కుమని వదిలింది.

తెల్లటి పొగ బయటికి పొర్లింది. మనిషికి మనిషి కనపడలేదు. గడపలోనే కాళ్లకు అడ్డం తగిలాడు కాళిముత్తు. కనుబొమల మీద మంచు. ఊపిరి ఉంది. ఇద్దరు పట్టి ఎండలోకి మోసుకుపోయారు.

"తలుపు ముయ్యండయ్యా, సరుకు కరిగిపోతాది," అన్నాడు మేనేజరు శివరామ్.

"లోపల ఒకపాలి చూసి..." అన్నాడు దేవరాజులు.

"ఏముంది చూసేదానికి? బోర్డు చూడు."

లోపల ఎంతమంది ఉన్నారో చూపించే గడిలో నిక్షేపంగా సున్నా వెలుగుతోంది. ఆడ పనిచేసే అందరికీ ఆ గడి మాటే వేదం. దేవరాజులు తలుపు మూసి మీట నొక్కాడు. ఫ్యాన్లు హోరుమన్నాయి. అమ్మయ్య, ఒక ప్రాణం దక్కింది అనుకున్నాడు.

బయట ఎండలో పచ్చయమ్మ మొగుడి అరచేతులు రుద్దుతోంది. దుప్పట్లు కప్పారు, వేడి టీ పట్టారు. చాలాసేపటికి గాని అతని పెదవులు కదల్లేదు. దేవరాజులు వంగి చెవి దగ్గరపెట్టాడు.

"వెనకాల ఇంకో దోవ ఉందేమో చూసొస్తానని నాతో ఉండిన కాటయ్య పోయినాడన్నా. ఆయన్ని ఎవరు ఎత్తుకొచ్చినారు?"